కెమెరా ఒకరిది, వెలుతురు ఒకరిది

తొలినాటి గూఢచారి ఉపగ్రహాల గురించి మాట్లాడమని మా కాలనీ సంక్షేమ సంఘం వారు పిలిస్తే మొన్న సాయంత్రం వెళ్ళాను. శాలువా, బొకే వగైరాలు వదిలేద్దాం. ప్రసంగ విషయం కరోనా ఉపగ్రహాల కెమెరా. ఆ పేరు వినగానే ముందు వరుసలో ఒకావిడ మాస్కు కోసం చేతిసంచి తడుముకున్నారు. ఇది 1960 నాటి అమెరికా కరోనా అనీ, అంటుకునేది కాదనీ నచ్చజెప్పేసరికి నాకిచ్చిన సమయంలో కొంత కరిగిపోయింది.

ఆ పథకాన్ని సి.ఐ.ఏ., అమెరికా వైమానిక దళం కలిసి నడిపాయి. రాకెట్టు, ప్రయోగం, కక్ష్యలో ఉన్న ఉపగ్రహంతో సంబంధం, ఫిల్ముతో దిగివచ్చే గుళికను పట్టుకోవడం వైమానిక దళం వంతు. కెమెరా, గుట్టు కాపాడటం సి.ఐ.ఏ. వంతు. బియ్యం ఒక తోడికోడలి దగ్గర, పొయ్యి ఇంకొక తోడికోడలి దగ్గర ఉన్న ఉమ్మడి కాపురమన్నమాట. 1960 ఆగస్టులో ఈ కరోనా ఉపగ్రహాల్లో ఒకటైన డిస్కవరర్-14 నుంచి దిగిన గుళికను హవాయి దగ్గర సి-119 విమానం కొక్కేలతో గాలిలోనే తగిలించుకుంది. అందులోని సుమారు 9 కిలోల ఫిల్ము, అంతకుముందు యు-2 గూఢచారి విమానాలు సోవియట్ భూభాగం మీద తీసినదంతా కలిపినా చూపనంత విస్తీర్ణాన్ని చూపింది.

ఆ గుళికను విమానం ఎలా పట్టుకుందో చూపించడానికి నేను రెండు చేతులూ పైకెత్తి, వేళ్ళు కొక్కేల్లా వంచి, కొంచెం ముందుకు వంగాను. సరిగ్గా అప్పుడే హాలు చివరినుంచి అధ్యక్షులవారు, "కదలకండి సార్, ఫోకస్ పోతుంది" అన్నారు.

రికార్డింగు కెమెరా అధ్యక్షులవారి సొంతం. హాలు లైట్ల స్విచ్‌బోర్డు కార్యదర్శిగారి అధీనం. నా వెనక తెర తెల్లగా వెలుగుతుండటంతో కెమెరాలో నేను నల్లటి ఆకారంగా పడుతున్నానట. అధ్యక్షులవారు ఎక్స్‌పోజర్ పెంచితే నా ముఖం కనబడింది గానీ తెర మీది సోవియట్ విమానాశ్రయం సున్నం కొట్టిన గోడలా మాయమైంది. అది చూసి కార్యదర్శిగారు, బొమ్మ స్పష్టంగా రావాలన్న సదుద్దేశంతోనే, లైట్లన్నీ ఆర్పేశారు. ఈసారి నేను మాయమయ్యాను.

"కార్యదర్శిగారూ, ఎంత వెలుతురు కావాలో కెమెరా పట్టుకున్నవాడికి కదండీ తెలిసేది!"

"అధ్యక్షా, హాలు లైట్ల సంగతి నాకు వదిలేయమని సర్వసభ్య సమావేశంలోనే తీర్మానించుకున్నాం."

లైట్లు వెలిగాయి, ఆరాయి, మళ్ళీ సగం వెలిగాయి. ఇంతసేపూ నేను గుళిక కోసం చేతులు చాచిన విమానంలాగే నిలబడి ఉన్నాను. భుజం నొప్పెట్టి చెయ్యి కాస్త దించబోతే "ప్లీజ్ సార్" అని మళ్ళీ కేక. ఆ స్థితిలోనే చెప్పవలసింది చెప్పుకుపోయాను. తొలి కరోనా కెమెరాలకు ఎక్స్‌పోజర్‌ను నేలమీదే నిర్ణయించి పంపేవారు. ఆ నిర్ణయం బెడిసికొట్టిందో లేదో గుళిక దిగి, ఫిల్ము కడిగేదాకా ఎవరికీ తెలిసేది కాదు. ఎక్స్‌పోజర్‌నూ ఫిల్టర్‌నూ కక్ష్యలో ఉండగానే మార్చుకునే వీలు 1967 నుంచి ఎగిరిన చివరి రకానికి గానీ రాలేదు. అలా మార్చలేకపోయే అదృష్టం మా హాలుకు ఎందుకు పట్టాలి? ఇక్కడ సెకనుకొకసారి మార్చగలరు, మార్చారు కూడా.

సి.ఐ.ఏ., వైమానిక దళాల తగవూ తక్కువదేమీ కాదు. ఇద్దరినీ ఒక గొడుగు కిందికి తేవడానికి 1961లో జాతీయ నిఘా కార్యాలయం పెడితే, 1963 నాటికి దాని అధిపతి బ్రాక్‌వే మెక్‌మిలన్‌కూ, సి.ఐ.ఏ. శాస్త్ర విభాగం నడిపే ఆల్బర్ట్ వీలన్‌కూ కెమెరా భాగం మీద పెత్తనం ఎవరిదన్న దగ్గర పడనే పడలేదు. ఈ వాక్యం అంటుండగా హాలు మళ్ళీ చీకటైంది. "ఇంతకీ ఎవరు గెలిచారండీ?" అని ఆ చీకట్లోంచి ఒక పెద్దాయన గొంతు. ఎవరూ గెలవలేదని, 1965 ఆగస్టులో ఒప్పందం రాసుకుని, రక్షణ శాఖ ఉపమంత్రి, సి.ఐ.ఏ. అధిపతి, అధ్యక్షుడి శాస్త్ర సలహాదారు ఉండే ముగ్గురు సభ్యుల కమిటీ వేసుకున్నారని చెప్పాను. ఆ మాట చెప్పకుండా ఉంటే బాగుండేది. మావాళ్ళు అది శ్రద్ధగా విన్నారు.

నిన్న ఉదయం ఆ వీడియో కాలనీ వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. తెల్లటి గోడ ముందు రెండు చేతులు చాచి వంగిన నల్లటి బొమ్మ, అప్పుడప్పుడు పూర్తి చీకటి, నేపథ్యంలో సర్వసభ్య సమావేశం తీర్మానం గురించిన చర్చ. "అంకుల్ ఎవరిని పట్టుకుంటున్నారు?" అని మూడో అంతస్తు కుర్రాడు అడిగితే, దానికి ఇరవై మంది నవ్వు బొమ్మలు పెట్టారు. తొలగించమని అధ్యక్షులవారిని అడిగితే, పోస్టు పెట్టింది కార్యదర్శిగారు కనుక ఆయన్నే అడగమన్నారు. కార్యదర్శిగారేమో, తీసింది అధ్యక్షులవారి కెమెరా కనుక ఆయన లిఖితపూర్వక అనుమతి కావాలన్నారు. సాయంత్రానికి ఈ సంగతి తేల్చడానికి ముగ్గురు సభ్యుల కమిటీ వేశారు. మూడో సభ్యుడు మూడో అంతస్తు కుర్రాడి తండ్రి.