హార్డ్ డిస్క్ పంచాయితీ

అక్క: ఒరేయ్, నా చార్జర్ పీకి అక్కడేం చేస్తున్నావ్?

తమ్ముడు: మన ల్యాప్‌టాప్ డిస్కు ఎన్‌క్రిప్ట్ చేస్తున్నా, పాస్‌వర్డ్ లేకుండా ఎవడూ చదవకుండా. దానికి ట్రూక్రిప్ట్ అనే సాఫ్ట్‌వేర్ నా పాత పెన్‌డ్రైవ్‌లో దొరికింది.

అక్క: ట్రూక్రిప్టా! 2014 మేలోనే ఇది సేఫ్ కాదు, మైక్రోసాఫ్ట్ వాళ్ళ బిట్‌లాకర్‌కి పొండి అని వాళ్ళ సైట్లోనే రాసి దుకాణం కట్టేశారు కదరా, ఇన్నేళ్ళకి దాన్ని తవ్వి తీశావా?

తమ్ముడు: తయారు చేసినవాళ్ళు పేర్లు కూడా చెప్పకుండా మాయమయ్యారు, అదే కదా థ్రిల్లు.

అక్క: థ్రిల్లు నీ మొహం. తియ్యి ముందు.

తమ్ముడు: సర్లే, వెరాక్రిప్ట్ వాడతా. వేరేవాళ్ళు ట్రూక్రిప్ట్ కోడే తీసుకుని బగ్గులు సరిచేస్తూ వచ్చారు, పైగా ఫ్రీ, అన్నిటికన్నా మజా ఏంటంటే హిడెన్ వాల్యూమ్ అని లోపల దాచిన రహస్య భాగం ఉంటుందక్కా, ఒక పాస్‌వర్డ్ కొడితే ఉత్తుత్తి ఫైళ్ళు వస్తాయి ఇంకోటి కొడితే అసలువి వస్తాయి, ఎవడైనా మెడ మీద కత్తి పెట్టినా ఉత్తుత్తిది చెప్పేసి బయటపడొచ్చు.

అక్క: నీ మెడ మీద కత్తి పెట్టి ఏం చూస్తాడ్రా వాడు? రెజ్యూమే ఫైనల్, రెజ్యూమే ఫైనల్ కొత్తది, రెజ్యూమే ఇదే అసలు ఫైనల్. ఇందులో ఉత్తుత్తిది ఏదో నీకే తెలీదు. అయినా ఆ పైకి కనపడే ఉత్తుత్తి భాగంలో చూసుకోకుండా ఏదైనా కాపీ చేశావంటే లోపల దాచింది తుడిచిపెట్టుకుపోవచ్చు, అది చదివావా?

తమ్ముడు: ...చదువుతా.

అక్క: మనది విండోస్ ప్రో, బిట్‌లాకర్ అందులోనే ఉంది. ఆన్ చేసి ఊరుకో.

తమ్ముడు: దాని కోడ్ ఎవడు చూశాడు? వెరాక్రిప్ట్‌ది ఓపెన్, ఎవరైనా చూడొచ్చు, 2016లో బయటి నిపుణులు ఆడిట్ కూడా చేశారు.

అక్క: నువ్వు చూశావా ఆ కోడ్?

తమ్ముడు: చూసేవాళ్ళు చూస్తారు!

అక్క: మరి నువ్వు స్క్రీన్ లాక్ కూడా వెయ్యకుండా లేచి వెళ్ళిపోతావే, అప్పుడెవరు చూస్తారు? మిషన్ ఆఫ్‌లో ఉండగా ఎవడైనా ఎత్తుకుపోతే పనికొస్తుందిరా ఇదంతా, నువ్వు లాగిన్ అయ్యి తెరిచి పెట్టుకున్నాక బిట్‌లాకరైనా వెరాక్రిప్టైనా ఒకటే, వైరస్ వచ్చినా అంతే.

తమ్ముడు: సరే తల్లీ, బిట్‌లాకరే. డిస్కు తెరుచుకోకపోతే వాడే రికవరీ కీ ఎక్కడ దాచాలి అంటోంది, డెస్క్‌టాప్ మీద పెట్టేస్తున్నా.

అక్క: తాళంచెవి బీరువాలో పెట్టి బీరువాకి తాళం వేస్తావా?

తమ్ముడు: ఓయ్, ఒప్పుకోవట్లేదు! ఎన్‌క్రిప్ట్ చేస్తున్న డ్రైవ్‌లో పెట్టకూడదంట.

అక్క: హమ్మయ్య, నీలాంటివాడు వస్తాడని వాళ్ళకి ముందే తెలుసు. పెన్‌డ్రైవ్‌లో పెట్టు, ఒక కాపీ కాగితం మీద కూడా రాసుకుందాం, రేపు బయాస్, అదే మిషన్‌ని స్టార్ట్ చేసే సాఫ్ట్‌వేర్, అప్‌డేట్ అయితే ఒక్కోసారి అదే అడుగుతుంది. చదువు.

తమ్ముడు: 48 అంకెలున్నాయే!

అక్క: ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులు. నసపెట్టక చదువు.

తమ్ముడు: 477812.

అక్క: ...తప్పు.

తమ్ముడు: నువ్వు స్క్రీన్ చూడనే లేదు కదా, తప్పని ఎలా చెప్తావ్?

అక్క: ప్రతి గుంపూ 11తో నిశ్శేషంగా పోవాలి, నువ్వు చెప్పిందాన్ని భాగిస్తే 5 మిగిలింది. కళ్ళు నులుముకుని మళ్ళీ చూడు.

తమ్ముడు: ...471812. మధ్యలోది ఒకటి, ఏడులా కనపడింది.

అక్క: ఇది నిశ్శేషంగా పోయింది. రెండో గుంపు చెప్పు.

తమ్ముడు: అక్కా, నీ చార్జర్ ఇచ్చేస్తా, నువ్వే చదువుకో.