పీఎస్‌ఎల్‌వీ ఎగిరాక చూడాల్సింది మూడో దశ

శ్రీహరికోటలో ఇస్రో ఉపగ్రహ వాహక రాకెట్ పీఎస్‌ఎల్‌వీ మొదటి దశ విడిపోగానే గండం గడిచిందనుకుంటాం. 2025 మే 18న ఎగిరిన పీఎస్‌ఎల్‌వీ-సీ61, 2026 జనవరి 12న ఎగిరిన సీ62 కూడా ఆ దశను సాఫీగానే దాటాయి. రెండో దశ కూడా లెక్క ప్రకారమే మండింది. రెండూ దెబ్బతిన్నది మూడో దశలోనే.

ఈ దశలో సుమారు 7.6 టన్నుల ఘన ఇంధనం ఉంటుంది. కెవ్లార్ అనే గట్టి కృత్రిమ పోగులతో చేసిన మోటార్ కేసులో దాన్ని నింపుతారు. ఒకసారి అంటుకుంటే ఆపడం, మళ్లీ వెలిగించడం కుదరదు. థ్రస్ట్, అంటే రాకెట్‌ను ముందుకు తోసే బలం, అంతా ఇంధనం మండే ఛాంబర్‌లోని పీడనం మీదే ఆధారపడి ఉంటుంది. సీ61లో పడిపోయింది ఆ పీడనమే. పైనున్న నాలుగో దశ ఈ లోటు పూడ్చలేదు. దాని దగ్గరున్నది దాదాపు రెండున్నర టన్నుల ఇంధనం, రెండు చిన్న ఇంజిన్లు. కక్ష్యలో నిలవాలంటే సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగం కావాలి. అది అందకపోతే ఉపగ్రహం సముద్రం పాలే.

అందుకే ప్రత్యక్ష ప్రసారం చూసేవాళ్లు నాలుగు నిమిషాల ఇరవై సెకన్ల ప్రాంతం నుంచి ఎత్తును వదిలేసి వేగం అంకె మీద కన్నేయాలి. మోటార్ నీరసించినా అప్పటికే అందిన ఊపుతో రాకెట్ కాసేపు పైకి పోతూనే ఉంటుంది. వేగం మాత్రం పెరగాల్సినంత పెరగదు. తెర మీద అనుకున్న పథం నుంచి అసలు గీత పక్కకు జరగడం ఆ తర్వాత కనిపిస్తుంది.

సీ62 కథ వేరు. మూడో దశ చివర్లో రోల్ రేటు, అంటే రాకెట్ తన చుట్టూ తాను తిరిగే వేగం, అదుపు తప్పింది. దారి మారింది. ఈ దశకున్న ఒకే ఒక్క నాజిల్ (వాయువులు బయటికి వచ్చే గొట్టం) అటూఇటూ వంగి పిచ్, యాలను, అంటే ముక్కు పైకీకిందికీ, పక్కలకూ తిరగడాన్ని, సరిదిద్దుతుంది గానీ రోల్‌ను ఆపలేదు. ఆ పని నాలుగో దశలోని చిన్న థ్రస్టర్లది. కాబట్టి మోటార్‌నే కాదు, ఈ థ్రస్టర్లను కూడా అంతే నిశితంగా పరీక్షించాలి.

సీ61 వైఫల్య నివేదికను ప్రజల ముందు పెట్టకుండానే సీ62ను ఎగరేశారు. ఇది ముమ్మాటికీ తప్పు. ఇస్రోకు ఇలా దాచే అలవాటు లేదు కూడా. 2021లో మరో రాకెట్ జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్10 విఫలమైతే, వాల్వ్ లీకై హైడ్రోజన్ ట్యాంకులో పీడనం తగ్గిందని తనే వివరించింది. 2022 ఆగస్టు 7న విఫలమైన చిన్న రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీ-డీ1 విషయంలో మరింత విడమరిచి చెప్పింది. రెండో దశ విడిపోయేటప్పటి ప్రకంపనలకు యాక్సెలరోమీటర్ల (వేగంలో మార్పును కొలిచే సెన్సర్ల) రీడింగులు హద్దు దాటాయి. రాకెట్‌లోని సాఫ్ట్‌వేర్ వాటిని చెడిపోయినట్టు లెక్కగట్టింది. 356 కిలోమీటర్ల వృత్తాకార కక్ష్యకు బదులు, కక్ష్య ఒక కొస 76 కిలోమీటర్ల ఎత్తుకు దిగిపోయింది. ఆరు నెలలకే, 2023 ఫిబ్రవరి 10న, డీ2 గెలిచింది. లోపాన్ని బయటపెట్టినందుకు ఇస్రో పరువేమీ పోలేదు.

సీ62లో ప్రధాన ఉపగ్రహం ఈఓఎస్-ఎన్1తో పాటు మరో 15 పేలోడ్లు వెళ్లాయి. వాటిలో హైదరాబాద్ సంస్థలు ధ్రువ స్పేస్, టేక్‌మీ2స్పేస్‌లవీ ఉన్నాయి. చిన్న కంపెనీకి ఒక ఉపగ్రహం అంటే ఏళ్ల కష్టం. మళ్లీ ఇదే రాకెట్ ఎక్కాలా వద్దా అని వాళ్లు, వాళ్లకు బీమా ఇచ్చేవాళ్లు తేల్చుకోవాలంటే ఏ భాగం ఎందుకు విఫలమైందో, దాన్ని ఎలా మార్చారో, మార్చాక భూమ్మీద ఎన్నిసార్లు పరీక్షించారో తెలియాలి. రక్షణ రహస్యాలేమైనా ఉంటే అవి ఉపగ్రహానికి సంబంధించినవి. 1993 నుంచి ఎగురుతున్న రాకెట్‌లో మోటార్ పీడనం ఎందుకు పడిపోయిందో చెప్పడానికి అవి అడ్డు కావు.