బియ్యం డబ్బాలో ఫోను

మొన్న రాత్రి మా ఇంట్లో గెండె చేపల పులుసు. పుల్లమామిడికాయ ముక్కలు వేసింది, పైగా ముందురోజుది. నెల్లూరోళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. నేనేమో ఎడమ చేత్తో ఫోను పట్టుకుని, ఎవరో చేపల పులుసు వండుతున్న రీల్ చూస్తున్నా. కంచంలో పులుసును వదిలేసి ఫోన్లో పులుసుకు లొట్టలేస్తే ముల్లు గుచ్చుకోదా? గుచ్చుకుంది. ఒట్టన్నం ముద్దలు ఆరు మింగితే గానీ దిగలేదు.

"గొంతులో ముల్లు దిగిందిలెండి, ఆ చేతిలోది ఎప్పుడు దిగుద్దో" అంది మా ఆవిడ.

నాకూ మొహం మొత్తి చాన్నాళ్లయింది. పులికాట్‌కి ఫ్లెమింగోలు వచ్చాయని ఈ ఏడు పదకొండు మంది వీడియోలు పంపారు. రైలెక్కితే సూళ్లూరుపేట రెండు గంటలు కూడా పట్టదు. ఒక్క కొంగనైనా ఎదురుగా చూసిన పాపాన పోలేదు.

ఆ రాత్రే మా చుట్టాల వాట్సాప్ గ్రూపులోంచి బయటికొచ్చేశా. 2022 నుంచి గ్రూపు వదిలితే అడ్మిన్లకు తప్ప ఎవరికీ కబురు పోదు గదా అని ధైర్యం. మా గ్రూపు అడ్మిన్ కావలి మామయ్య. ఒక ఫార్వర్డ్‌ను ఒక్కసారికి అయిదుగురికి మించి పంపనీయకుండా 2018లో కట్టడి పెడితే, అప్పట్నుంచీ గుళ్లో ప్రసాదం పంచినట్టు అయిదేసి మందికి పంచుతున్న మనిషి. అదొక్కటి మర్చిపోయా.

తర్వాత ఫోను ఆఫ్ చేసి, చెయ్యి లాగకుండా బియ్యం డబ్బాలో మోచేతి లోతున పూడ్చిపెట్టి పడుకున్నా. ఎంత హాయిగా నిద్ర పట్టిందని!

తెల్లారి స్వర్ణాల చెరువు దాకా నడిచా. రొట్టెల పండగప్పుడు తప్ప ఆ గట్టును ఇంత తీరిగ్గా చూసింది లేదు. టీ తాగి, ఎవరితోనో వానల గురించి గంటసేపు మాట్లాడి ఇంటికొచ్చేసరికి, మా ఆవిడ అన్నానికి బియ్యం కొలవబోయి ఫోను బయటికి తీసింది. ఆఫై ఉంది, బియ్యంలో ఉంది. ఇంకేముంది, నీళ్లలో పడిందనుకుని పక్కింటి పిన్నమ్మ కొడుకు చేత రిపేరు షాపుకి పంపేసింది. తడిసిన ఫోన్ని బియ్యంలో పెట్టొద్దు, నూక ముక్కలు లోపలికి పోతాయని ఐఫోన్ కంపెనీ వాళ్లే చెప్పినా మన ఇళ్లలో ఈ వైద్యం పోదు.

షాపుకి పరిగెత్తా. అప్పటికే ఫోను వెనక డొక్క ఊడిపోయి ఉంది.

"ఎక్కడ పడింది సార్?"

చుట్టూ నలుగురు. వ్యసనం మానలేక బియ్యంలో దాచుకున్నానని ఎట్లా చెప్పేది?

"చెరువులో" అన్నా.

ఆ మాట పిల్లోడు వాళ్లమ్మకు చెప్పాడు. అప్పుడే మామయ్య మా ఆవిడకు ఫోన్ చేశాడట. రాత్రి గ్రూపు వదిలేశాడు, ఫోను ఆఫ్, అబ్బయ్యకి ఏమన్నా అప్పులున్నాయా అని. మా ఆవిడ కంగారులో ఫోన్ పిన్నమ్మ చేతికిచ్చింది. పిన్నమ్మ ఉన్నదున్నట్టే చెప్పింది: "పొద్దున చెరువుకు పోయినాడయ్యా. ఫోను దొరికింది."

యాభై కిలోమీటర్లకు పైగా దూరం. పదకొండున్నరకల్లా మామయ్య మా గుమ్మంలో ఉన్నాడు, ఒక కాలికి చెప్పు, రెండో కాలికి స్లిప్పరు. నేను మిగిలిన పులుసు వేసుకుని అన్నం తింటున్నా.

నన్ను పైనుంచి కిందికి చూశాడు. కంచాన్ని చూశాడు.

"అమ్మాయ్, నాకూ పెట్టు" అన్నాడు.

దారంతా చుట్టాలందరికీ ఫోన్లు చేసి చేసి ఆయన బ్యాటరీ కూడా అయిపోయిందట. ఛార్జింగ్ పెట్టమని అడగలేదు, మేమూ గుర్తుచేయలేదు. మూడు గంటల దాకా మా అమ్మ చిన్నప్పటి సంగతులే. వాటిలో సగం నాకు తెలియవు.

రెండ్రోజులకు ఫోను వచ్చింది. నీటి చుక్క లేదట, ఛార్జింగ్ రంధ్రంలో ఒక నూకగింజ తప్ప. దానికి మూడొందలు. ఇప్పుడు రాత్రి ఎనిమిదికల్లా ఫోను కందిపప్పు డబ్బా మీద కూర్చుంటుంది, మీద అని గమనించండి. మామయ్య మళ్లీ గ్రూపులో చేర్చి "అల్లుడు క్షేమం" అని పెట్టాడట. నలభై దండాలు వచ్చాయి. తెల్లారి కాఫీ తాగాక చూసుకున్నా.