నోరొచ్చిన కంప్యూటర్

చదవడం అనేది పనీపాటా లేనివాళ్ళ వ్యవహారం అని ఈమధ్యే ఒక నిర్ణయానికొచ్చాను. డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్న పీడీఎఫ్‌లు రెండొందల పైనే ఉన్నాయి, ఒక్కటీ మొదటి పేజీ దాటలేదు, అందులో నా తప్పేం లేదు, తప్పంతా పుస్తకాలది, అవే నోరు తెరిచి వినిపిస్తే నేను కాదంటానా. ఇంత ఘోరమైన అన్యాయాన్ని ఎవరో ఒకరు సరిదిద్దాలి కదా అని, ఆ భారం నా భుజానేసుకుని కంప్యూటర్‌లో టెక్స్ట్ టు స్పీచ్, అంటే రాసిందాన్ని చదివి వినిపించడం, మొదలుపెట్టా.

మొదలుపెట్టడం తేలికే. విండోస్‌లో నేరేటర్ అని ఒకటి పుట్టుకతోనే ఉంటుంది, కంట్రోల్, విండోస్, ఎంటర్ మూడూ కలిపి నొక్కితే లేచి కూర్చుంటుంది. లేచాక ఊరుకోదు. బటన్ దగ్గరికెళ్తే బటన్ అంటుంది, లింక్ దగ్గరికెళ్తే లింక్ అంటుంది, నేను టైప్ చేస్తుంటే ఒక్కో అక్షరం గట్టిగా చదువుతుంది. మన పని మనకే ఇలా అప్పజెప్తుంటే ఎంతసేపని భరిస్తాం, ఆ మూడు కీలే మళ్ళీ నొక్కి పడుకోబెట్టా.

తర్వాత టెక్స్ట్ పేస్ట్ చేస్తే చదివిపెట్టే ఇంకో చిన్న సాఫ్ట్‌వేర్ దించి, ఒక తెలుగు వ్యాసం అందులో వేసి ప్లే నొక్కా. నిశ్శబ్దం. వాల్యూమ్ పెంచా. నిశ్శబ్దం. స్పీకర్ వైరు పీకి మళ్ళీ పెట్టి, వాల్యూమ్ వందకి తీసుకెళ్ళి, చెవి దగ్గర పెట్టుకున్నానో లేదో "నైంటీన్ నైంటీ వన్" అని ఒక్క అరుపు అరిచింది, కుర్చీలోంచి పడ్డంత పనైంది. సంగతేంటంటే అది ఇంగ్లిష్ గొంతు, తెలుగు అక్షరం కనపడితే పక్కనుంచి వెళ్ళిపోతుంది, అంకెలు కనపడితే మాత్రం పాత చుట్టంలా పలకరిస్తుంది. అంత పెద్ద వ్యాసంలో దానికి అర్థమైంది ఆ ఒక్క సంవత్సరం.

ఇలా కాదని కనుక్కుంటే, ఎడ్జ్ బ్రౌజర్‌లో కంట్రోల్, షిఫ్ట్, యు నొక్కితే రీడ్ అలౌడ్ వస్తుందని, అందులో తెలుగుకి మోహన్, శ్రుతి అని రెండు గొంతులున్నాయని తేలింది. ఇక్కడే నాలుగు రోజులు పోయాయి. పొద్దున మోహన్, సాయంత్రం శ్రుతి, మధ్యలో స్పీడ్ కాస్త అటూఇటూ. పుస్తకం ఏంటన్నది ఇంకా తేలలేదు, గొంతు తేలకుండా పుస్తకం దాకా ఎలా వెళ్తాం. 1939లో న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో బెల్ ల్యాబ్స్ వాళ్ళు వోడర్ అనే యంత్రాన్ని మాట్లాడించారు, మీటలు నొక్కుతూ, కాలితో పెడల్ తొక్కుతూ దానిచేత నాలుగు మాటలు అనిపించడానికి ఆపరేటర్‌కి ఏడాది ట్రైనింగ్ పట్టేదట, దాంతో పోలిస్తే నా నాలుగు రోజులు కూడా కూడా ఒక లెక్కా. తీరా ఎంచుకున్నాక పలుకు మీద నా విమర్శనాత్మక పరిశీలన మొదలైంది. చెలి అనేటప్పుడు నాలుక అంగిలికి తగుల్తుంది, చలి అనేటప్పుడు పళ్ళ దాకా వస్తుంది, రాసేది రెండూ ఒకే చ. ఆ రెండో దానికి ౘ అని వేరే అక్షరం ఉంది, ప్రతి భాష అక్షరాలకీ కంప్యూటర్‌లో ఒక్కో నంబరిచ్చే యూనికోడ్‌లో కూడా ఉంది, మనమే రాయం. మనం రాయనిది మిషన్ పలకలేదని దాన్ని తిట్టే హక్కు మాత్రం మనకి పూర్తిగా ఉంది.

ఇక పీడీఎఫ్‌ల దగ్గరికొస్తే సగం స్కాన్ చేసినవే, పేజీకో ఫోటో, అందులో చదవడానికి అక్షరం అనేదే ఉండదు. టెసరాక్ట్ లాంటి ఓసీఆర్‌తో ముందు బొమ్మలోంచి అక్షరాలు లాగాలి. మిగతా సగం పాత ఫాంట్లలో టైప్ చేసినవి, చూడ్డానికి అచ్చ తెలుగు, లోపల మాత్రం ఇంగ్లిష్ అక్షరాలూ బ్రాకెట్లూ డాలర్ గుర్తులూ వేషం వేసుకుని కూర్చుంటాయి. కంటికి వేషం కనపడుతుంది, మిషన్‌కి లోపలిదే కనపడుతుంది, అదేమో "డాలర్, వై, సెమీకోలన్" అని భక్తిగా పారాయణం చేస్తుంది. యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే, 1991లోనే, తెలుగుకి చోటిచ్చారు, మరీ తొందరపడకూడదని మనవాళ్ళు ఆగినట్టున్నారు.

ఓపిక నశించి నా ఫ్రెండ్‌కి ఫోన్ చేశా. వాడికి చూపు లేదు, ఏళ్ళ తరబడి పనంతా కంప్యూటర్ మీదే. మోహనా శ్రుతా, ఏది పెట్టుకోమంటావ్ అనడిగా.

"ముందు కంట్రోల్ నొక్కితే నోరు మూస్తుంది, అది నేర్చుకోరా, గొంతు సంగతి తర్వాత."

వాడు వాడేది ఎన్వీడీఏ, 2006లో మైఖేల్ కరన్ అనే చూపులేని ఆస్ట్రేలియా ఆయన మొదలుపెట్టిన స్క్రీన్ రీడర్, తెర మీదున్నదంతా చదివి వినిపిస్తుంది, పైసా ఖర్చు లేదు. గొంతేమో ఈస్పీక్, రేకు డబ్బాలోంచి మాట్లాడినట్టుంటుంది. ఇంత మంచి గొంతులుండగా ఇదేంట్రా అంటే, కీ నొక్కగానే పలుకుతుంది, ఎంత స్పీడ్ పెట్టినా మాట ముద్ద కాదు, నాకు పనుంది కదా అన్నాడు. అంటే నాకు లేదని.

ఈ వ్యాసం ఇంతవరకు రాసి వాడికి పంపా. ఫోన్‌లో అవతల నుంచి వినపడుతోంది, రేకుల మీద వడగళ్ళు పడ్డట్టు టపటపటపా, ఒక్క ముక్క నాకు అందలేదు, రెండు నిమిషాలు కూడా పట్టలేదు, ఆగిపోయింది.

"నాలుగో పేరాలో 'కూడా' పక్కపక్కనే రెండుసార్లు పడింది, చూసుకో" అన్నాడు.

ఆ పేరా నేను శ్రుతి గొంతులో మూడుసార్లు విన్నా.