బాయ్‌కాట్ ఎవరి ఆయుధం?

సభ నుంచి బయటికి నడిచిన ప్రతిపక్షం, సినిమా మీద అలిగిన అభిమానులు, ఊరు కట్టుబాటు పెట్టిన పెద్దలు: అందరి విషయంలోనూ మన పత్రికలు రాసే మాట ఒకటే, బాయ్‌కాట్. ఇది ఒక మనిషి ఇంటిపేరు. ఆ పేరు క్రియగా మారిన తీరు తెలిస్తే దీన్ని ఇంత విచ్చలవిడిగా వాడబుద్ధి కాదు.

చార్లెస్ బాయ్‌కాట్ ఐర్లండ్‌లోని మేయో కౌంటీలో ఎర్న్ ప్రభువు భూములకు ఏజెంటు. కౌలు వసూలు చేయడం, కట్టలేనివారిని వెళ్లగొట్టడం ఆయన పని. పంటలు దెబ్బతిన్న రైతులు 1880లో కౌలు 25 శాతం తగ్గించమన్నారు. ప్రభువు 10 శాతం దగ్గరే ఆగాడు. వెళ్లగొట్టే నోటీసులు వచ్చాయి. ఆ ఏడాది సెప్టెంబరులోనే ఐరిష్ రైతు ఉద్యమ నాయకుడు పార్నెల్, ఎన్నిస్ పట్టణంలో జరిగిన సభలో, వెళ్లగొట్టిన రైతు భూమిని తీసుకున్నవాడితో ఎక్కడ ఎదురుపడినా మాట్లాడవద్దని పిలుపునిచ్చాడు. మేయో రైతులు ఆ పద్ధతిని ఏజెంటు మీదే ప్రయోగించారు. కూలీలు చేలో దిగలేదు. దుకాణదారులు సరుకు ఇవ్వలేదు. కమ్మరి గుర్రాలకు నాడాలు కొట్టనన్నాడు. ఉత్తరాలు తెచ్చే కుర్రాడూ రావడం మానేశాడు.

పంట కోయడానికి బయటి నుంచి 50 మందిని రప్పించారు. వారికి కాపలాగా సైనికులు, పోలీసులు వందల సంఖ్యలో దిగారు. సుమారు 500 పౌండ్ల పంటకు దాదాపు 10,000 పౌండ్లు ఖర్చయిందని అంచనా. డిసెంబరు 1న బాయ్‌కాట్ ఐర్లండ్ విడిచాడు. ఈ మాటను పుట్టించింది అక్కడి మతగురువు జాన్ ఓమాలీ అని చెబుతారు. వెలివేయడానికి పండితులు వాడే ఇంగ్లిషు మాట పల్లె జనానికి అర్థం కాదని ఆయన ఈ పేరునే ఎంచుకున్నాడట.

కొద్ది కాలంలోనే ఫ్రెంచి, జర్మన్ భాషలు దీన్ని తీసుకున్నాయి. 1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్‌హాలులో విదేశీ వస్తువుల మీద ఇదే పిలుపు వినిపించింది. అక్కడా ఇక్కడా బలహీనులు బలవంతులకు సహకారం మానేశారు.

2017లో పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం విషయమై దళితులకు పనులు నిలిపేశారు. అక్కడ భూమీ కూలీ చేతిలో ఉన్నవారే లేనివారిని కట్టడి చేశారు. దాన్ని బాయ్‌కాట్ అంటే మేయో రైతుల తెగువను భూస్వాములకు అంటగట్టినట్టే. దానికి మనకు ‘వెలి’ అనే సూటి మాట ఉంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం దళితులు, గిరిజనులపై అలాంటి సామాజిక, ఆర్థిక బహిష్కారం నేరం. వార్త రాసేటప్పుడు నేరాన్ని నేరంగానే రాయాలి.