ఆరో నంబరు భక్తుడు

మా బామ్మర్ది కూతురు ఎమ్మెస్సీ సైకాలజీలో చేరినప్పటి నుంచి మా ఇంట్లో ఎవరికీ కోపం రావడం లేదు, ‘ట్రిగ్గర్’ అవుతున్నారు. ఎవరూ మొండికేయడం లేదు, అది వాళ్ల ‘ప్యాటర్న్’. పోయిన దసరా సెలవులకి ఆ పిల్ల కూకట్‌పల్లిలో మా ఫ్లాటుకి వచ్చి, పండక్కి చేరిన బంధువులందరికీ ఓ పరీక్ష పెట్టింది. మనిషి స్వభావానికీ భక్తికీ ఉన్న సంబంధం మీద ఆమె ప్రాజెక్టు అట. మార్కులు ఉంటాయంది. మార్కులంటే మా ఇంట్లో దేవుడి తర్వాత దేవుడు, కాబట్టి ఎవరూ కాదనలేదు.

మొత్తం తొమ్మిది మందిమి. పేర్లు రాయకూడదు, గోప్యత. తలకో నంబరు ఇచ్చింది. నాకు 6, మా అత్తయ్యగారికి 9. కొంప ఇక్కడే మునిగింది కానీ అది మాకు తెలియడానికి మూడు వారాలు పట్టింది.

ప్రశ్నలు తేలిగ్గానే ఉన్నాయి. నలుగురిలో ఉంటే హుషారొస్తుందా, నీరసమొస్తుందా? పని మొదలుపెట్టే ముందు పద్ధతి వేసుకుంటారా, పడ్డప్పుడు చూసుకుంటారా? నేను క్రికెట్ చూస్తూ ఓవర్‌కి ఆరేసి చొప్పున టిక్కులు పెట్టి పారేశాను. అత్తయ్యగారు మాత్రం ప్రతి ప్రశ్నకీ కళ్లద్దాలు తీసి, కొంగుతో తుడిచి, కాసేపు కిటికీలోంచి ఎదుటి అపార్ట్‌మెంట్ వాటర్ ట్యాంకును చూసి, అప్పుడు పెట్టారు. ఆవిడకి 71 ఏళ్లు. మా అపార్ట్‌మెంటులో విష్ణుసహస్రనామం బ్యాచికి లీడరు. ఆవిడ ఏ రకమో పరీక్ష పెట్టి తెలుసుకోవాలా అని నవ్వుకున్నాను కూడా.

మధ్యలో మేనకోడలు చరిత్ర చెప్పింది. కార్ల్ యుంగ్ అనే స్విస్ డాక్టరు 1921లో మనుషుల్ని లోపలి చూపు వాళ్లు, బయటి చూపు వాళ్లు అంటూ విడగొట్టి ఓ లావుపాటి పుస్తకం రాశాడు. అది పట్టుకుని అమెరికాలో కేథరిన్ బ్రిగ్స్, ఆవిడ కూతురు ఇసబెల్ మయర్స్ కలిసి రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మనుషుల్ని పదహారు రకాలుగా విడగొట్టే ఈ పరీక్ష తయారు చేశారు. ఇద్దరిలో ఒక్కరూ సైకాలజీ చదువుకున్నవాళ్లు కాదు. కూతురైతే అంతకుముందు డిటెక్టివ్ నవల రాసి బహుమతి కొట్టింది. అసలు తల్లికి ఈ స్వభావాల పిచ్చి ఎందుకు పట్టిందంటే, కూతురు చేసుకోబోయే కుర్రాడు తమ ఇంటి తీరుకి బొత్తిగా వేరుగా ఉన్నాడట.

“అంటే అల్లుణ్ణి అర్థం చేసుకోలేక కనిపెట్టారన్నమాట” అన్నారు అత్తయ్యగారు, నా వైపు చూడకుండా.

“అంతే, నాయనమ్మా.”

“పదహారు రకాలెందుకే? కృష్ణుడు నాలుగే చెప్పాడు. ఆర్తుడు, జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని. కష్టమొచ్చి కొలిచేవాడు, తెలుసుకుందామని కొలిచేవాడు, డబ్బు కోసం కొలిచేవాడు, తెలిసి కొలిచేవాడు. ఈ నాలుగు రకాలకి వంట చేసేసరికే నా పని అయిపోతోంది.”

గీత ఏడో అధ్యాయం అది. ‘అర్థార్థి’ దగ్గర ఆవిడ మళ్లీ నా వైపు చూడలేదు. చూడకపోవడంలోనే ఆవిడ ఎన్ని చెప్పగలరో మా ఆవిడకి తెలుసు, నాకు తెలుసు. సంగతేమిటంటే, రెండేళ్ల కిందట ఇంటి లోన్ ఎటూ తేలక టెన్షన్‌తో చస్తున్నప్పుడు నేను చిలుకూరు బాలాజీకి మొక్కుకుని 11 ప్రదక్షిణలు చేసొచ్చాను. లోన్ వచ్చింది. గృహప్రవేశం అయింది. గోడలకి రెండోసారి రంగులు కూడా పడ్డాయి. కోరిక తీరాక చేయాల్సిన 108 మాత్రం అలాగే ఉండిపోయాయి. బ్యాంకు వాడు ఈఎంఐకి నెల నెలా మెసేజ్ పెడతాడు. బాలాజీ పెట్టడు. ఆయన గుడిలో హుండీ కూడా లేదు, ఇక మనకి గుర్తుచేసేదెవరు?

దసరా అయిన వారానికి మేనకోడలు జిరాక్స్ షాపులో అందరి ఫలితాలూ ప్రింటు తీయించి, మడిచి, వెనకాల స్కెచ్ పెన్నుతో నంబర్లు వేసి పంపింది. నా కాగితం నేను తీసుకుని బాల్కనీలోకి పోయి చదివాను.

‘మీరు అంతర్ముఖులు. గుంపుల్లో అలసిపోతారు. ఆచారం కన్నా ఆంతరంగిక అనుభవానికి విలువిస్తారు. ఎవరూ గుర్తించని లోతు మీలో ఉంది. మీ దేవుడు మౌనంలో దొరుకుతాడు.’

ఒళ్లు జలదరించింది. అచ్చం నేనే! ముఖ్యంగా ఎవరూ గుర్తించని లోతు దగ్గర. పెళ్లై ఇరవై ఏళ్లయింది, ఈ ఇంట్లో ఒక్కరైనా గుర్తించారా?

ఆ రోజు నుంచి నేను మారిపోయాను. ఆదివారం కింద సెల్లార్లో భజనకి పిలిస్తే, “నా తత్వం వేరండీ” అన్నాను. పై ఫ్లోర్ వాళ్ల సత్యనారాయణ వ్రతానికి మా ఆవిడని పంపి, ప్రసాదం మాత్రం తెప్పించుకున్నాను. ప్రసాదంలో గుంపు ఉండదు. చిలుకూరు సంగతెత్తితే, “ప్రదక్షిణలు బహిర్ముఖులకి” అన్నాను. పొద్దున్నే అరగంట కళ్లు మూసుకుని కూర్చోవడం మొదలుపెట్టాను.

“మీకు ఆంతరంగిక అనుభవం కలిగేలోపు స్టవ్ మీద పాలు పొంగిపోయాయి” అంది మా ఆవిడ.

ఇంట్లో మౌనానికి తావు లేదని తేలిపోయింది. ఓ శనివారం మెట్రో ఎక్కి లకడీకాపూల్‌లో దిగి, నౌబత్ పహాడ్ మీదున్న బిర్లా మందిర్‌కి వెళ్లాను. తెల్ల పాలరాతి గుడి, 1976 నాటిది. ధ్యానానికి అనువుగా ఉండాలని అక్కడ గంటలు పెట్టలేదు. నాలాంటి వాడి కోసమే కట్టినట్టుంది. ఫోన్ కౌంటర్లో ఇచ్చేశాను. మెట్లెక్కి, ఓ పక్కగా పద్మాసనం ప్రయత్నించి, మోకాలు ఒప్పుకోకపోతే మామూలుగానే చాపుక్కూర్చున్నాను. కింద హుస్సేన్‌సాగర్, పైన గాలి, వెనక చల్లటి రాయి. మనసు నిజంగానే నిలిచింది. ఎంతసేపు నిలిచిందో తెలియదు. భుజం మీద చెయ్యి పడింది.

“సార్, లేవండి. పిల్లలు భయపడుతున్నారు” అన్నాడు సెక్యూరిటీ.

చుట్టూ ఏదో స్కూలు నుంచి వచ్చిన పిల్లలు నిలబడి ఉన్నారు. గంట కూడా మోగని గుడిలో నా గురక మోగింది. వాళ్ల టీచరు ముఖం పక్కకి తిప్పుకుని నవ్వుకుంటోంది. వచ్చేటప్పుడు చెప్పులు వేసుకున్నాను కానీ కౌంటర్లో ఫోన్ మర్చిపోయి, మళ్లీ గుట్టెక్కాను. అంతర్ముఖులకి ఇవన్నీ ఉంటాయి.

మూడో వారం మేనకోడలు నోటుబుక్కుతో వచ్చింది, ఫలితం ఎంతవరకు కుదిరిందో అడగడానికి.

“నూటికి నూరు!” అన్నాను. “గుంపుల్లో అలసిపోతారు, మౌనంలో దేవుడు దొరుకుతాడు...” అని కంఠతా అప్పజెప్పాను.

ఆ పిల్ల పెన్ను ఆగిపోయింది. “మావయ్యా, అది మీది కాదు. మీరు ఫుల్లు బహిర్ముఖం కదా? ఆ కాగితం ఒకసారి ఇలా ఇవ్వండి.”

ఇచ్చాను. వెనక్కి తిప్పింది. 6. తలకిందులుగా తిప్పింది. 9. కాసేపు ఎవరం మాట్లాడలేదు. అప్పుడు మా ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. సోఫాలో కూర్చుని మొదలుపెట్టి, నేల మీదికొచ్చింది.

నా అసలు కాగితం అత్తయ్యగారి పంచాంగంలో దొరికింది. మడత విప్పి కూడా లేదు. చదివాను. ‘మీరు నలుగురిలో వెలుగుతారు. లెక్క, పద్ధతి మీ ఊపిరి. మాట ఇస్తే తీర్చేదాకా నిద్రపోరు.’

“ఇదీ అచ్చం నేనేనే!” అన్నాను. మాట నోట్లోంచి వచ్చాక అర్థమైంది కానీ ఏం లాభం.

మేనకోడలు చకచకా రాసుకుంది. నాలాంటి వాళ్లు ముందే ఉన్నారట. 1948లో బెర్ట్రామ్ ఫోరర్ అనే అమెరికా ప్రొఫెసర్ తన విద్యార్థులకి పరీక్ష పెట్టి, ‘ఇది మీ ఒక్కరి స్వభావం’ అంటూ తలా ఒక కాగితం ఇచ్చాడు. ఎంత బాగా కుదిరిందో అయిదుకి మార్కులేయమంటే సగటున నాలుగు దాటించారు. తీరా చూస్తే అందరికీ ఇచ్చింది ఒకే కాగితం. అందులో మాటలన్నీ బజార్లో దొరికే జాతకాల పుస్తకంలోంచి ఏరినవి. ఇప్పటి పరిశోధకులు ఈ పదహారు పెట్టెల్ని పెద్దగా లెక్కచేయరనీ, వేరే అయిదు లక్షణాలు కొలుస్తారనీ కూడా చెప్పింది. నలుగురితో మెత్తగా ఉండేవాళ్లు, పని పద్ధతిగా చేసేవాళ్లు మతాచారాల వైపు కొంచెం ఎక్కువ మొగ్గుతారట. కొత్తదనం కోరేవాళ్లు ఆచారం కన్నా ఆధ్యాత్మికత వైపు. అదీ కొంచెమే, దాన్నిబట్టి ఫలానా మనిషి ఇలాంటివాడని చెప్పలేమంది. ఈ ముక్క మూడు వారాల ముందు చెబితే ఆ స్కూలు పిల్లలు ప్రశాంతంగా దర్శనం చేసుకునేవాళ్లు.

ఈ గోలలో అత్తయ్యగారు తన కాగితం మొదటిసారి చదువుతున్నారని ఎవరం గమనించలేదు. కళ్లద్దాలు తుడుచుకుని, వేలు పెట్టి, ఒక్కో మాటా చదివారు. ‘గుంపుల్లో అలసిపోతారు’ దగ్గర వేలు ఆగింది. వెనక్కి వెళ్లి మళ్లీ ఆ మాటే చదివారు.

“అదేంటి నాయనమ్మా, నువ్వే కదా సహస్రనామం బ్యాచికి లీడరు?” అంది మేనకోడలు.

“ఎవరో ఒకరు మొదలుపెట్టాలి కదే” అని, కాగితం నాలుగు మడతలు పెట్టి, బొడ్డు సంచిలో దోపుకుని, కుక్కర్ కట్టేయడానికి లేచారు ఆవిడ. ఎన్ని విజిల్స్ వచ్చాయో ఆ రోజు ఎవరూ లెక్కపెట్టలేదు. పప్పు గుజ్జయిపోయింది.

మాట ఇస్తే తీర్చేదాకా నిద్రపోని మనిషిని కాబట్టి వచ్చిన ఆదివారమే చిలుకూరు బయల్దేరదీశారు నన్ను. అత్తయ్యగారికీ ఓ మొక్కు ఉంది. మనవడికి అమెరికా వీసా వచ్చింది, 108 బాకీ. ఆ దేవుడికి వీసా బాలాజీ అని పేరు ఊరికే రాలేదు.

గుడి బయట అంకెలు అచ్చేసిన కార్డులు అమ్ముతారు. తిరిగినప్పుడల్లా ఒక గడి కొట్టేసుకోవాలి. జనం నది లాగా ఒకే వైపు పారుతున్నారు. బీటెక్ కుర్రాళ్లు దాదాపు పరుగెడుతున్నారు, ఇంటర్వ్యూ డేటు దగ్గర పడ్డట్టుంది. ఇరవై దాటేసరికి అరికాళ్లు మండాయి. ముప్పై దాటేసరికి, చిన్న లోన్ తీసుకుని ఉండాల్సింది అనిపించింది. 38 దగ్గర గోడ పక్కన కూలబడ్డాను. అత్తయ్యగారూ వచ్చి కూర్చున్నారు. నీళ్లు తాగాం. ఆవిడ ముందు లేచారు, కాసేపటికి నేను లేచాను.

ఈసారి కాళ్లు తేలిగ్గా పడ్డాయి. ఓ ఎనిమిది చుట్లు గీతలు కొట్టుకుంటూ పోయి కార్డు చూసుకుంటే, 72! నాలో ఎవరూ గుర్తించని శక్తి ఉందనుకుని పైగడులు చూశాను. నావి అడ్డగీతలు. పైనున్న 64 గడుల్లోనూ చీమ తలంత అక్షరాలతో ‘శ్రీ’, ‘శ్రీ’, ‘శ్రీ’ అని రాసి ఉంది.

గుండె జారింది. వెనక్కి తిరిగి వెతకడానికి లేదు, అప్రదక్షిణం అవుతుంది. ముందుకే పోతూ రెండు చుట్లు గాలించాను. ఆవిడ ధ్వజస్తంభానికి అవతల, జనానికి దూరంగా, కళ్లు మూసుకుని కూర్చుని ఉన్నారు. ఒళ్లో నా కార్డు. 38 తర్వాత ఒక్క గీత కూడా లేదు.

“లేవగానే చూసుకున్నాను, అల్లుడుగారూ. మీరే వస్తారని కూర్చున్నా. ఇక్కడ బాగుంది.”

“నేను చూసుకోలేదు అత్తయ్యగారూ. మీ కార్డులో ఎనిమిది తిరిగేశాను. మీకు 36 చాలు ఇంక.”

ఆవిడ కార్డు తీసుకుని, పెన్ను తెరిచి, 65 నుంచి 72 దాకా నా గీతల చుట్టూ ఒక్కొక్కదానికీ సున్నా చుట్టారు.

“పోనీ, ఆ ఎనిమిదీ నా కార్డులో వేసుకుంటాను” అన్నాను.

“నా మనవడి వీసాకి తిరిగినవి మీ ఇంటి లోనుకి ఎలా వేస్తామండీ?” అని, నా కార్డు నా చేతిలో పెట్టి మళ్లీ కళ్లు మూసుకున్నారు. “మీరు కానివ్వండి. నేను కాసేపాగి వస్తాను.”

నేను జనంలోకి దిగాను. ముప్పై తొమ్మిది.