వెన్నెముక ముందుకొచ్చేసింది

యువతే దేశానికి వెన్నెముక అని పెద్దవాళ్లం ప్రతి సభలోనూ గొంతు పోయేలా చెబుతూనే ఉన్నాం. అయినా కుర్రకారుకి ఆ మాట సరిగా ఎక్కినట్టు లేదు. వెన్నెముక ఉండాల్సింది వెనక. బరువు మోయాలి, వంగమన్నప్పుడు వంగాలి. బయటికి కనిపించిందంటే ఒంట్లో ఏదో తేడా చేసినట్టే.

పార్టీల్లో ఉన్న యువతతో మాకు ఏ పేచీ లేదు. వాళ్లకని యువజన విభాగం పెట్టాం. దాని అధ్యక్షుడికి నలభై దాటినా యువనాయకుడనే పిలుస్తున్నాం. జెండా కర్రలిచ్చాం. ఫ్లెక్సీలో చివరి వరసన స్టాంపు సైజు ఫొటో వేయించాం. మా టెన్షనంతా ఏ పార్టీ పిలవకుండా, తమంతట తామే రోడ్డెక్కే వాళ్లతోనే.

సెర్బియాలో 1998లో యూనివర్సిటీ విద్యార్థులు 'ఓట్పోర్' అని ఒకటి మొదలుపెట్టారు. ప్రతిఘటన అని అర్థం. కావాలనే దానికి ఫలానా వాడు నాయకుడని లేకుండా చూసుకున్నారు. ఎంత బాధ్యత లేని పని! రాజీకి ఎవరిని పిలవాలి? ఎవరికి పదవి ఆశ చూపాలి? ఎవరి మీద పుకారు పుట్టించాలి? ఇంత అనుభవం ఉన్న అప్పటి యుగొస్లావియా అధ్యక్షుడు మిలోషెవిచ్ గారు 2000 అక్టోబరులో కుర్చీ దిగాల్సి వచ్చింది.

కెన్యా వాళ్లు ఇంకా ఘోరం. 2024లో కొత్త పన్నుల బిల్లు మీద లేచి, మాకు నాయకుడు లేడు, తెగ లేదు, పార్టీ లేదు అన్నారు. అది పోనీ అనుకోవచ్చు. బిల్లు చదివారండీ! చదివి ఊరుకోకుండా జనం భాషల్లోకి మార్చి వీడియోల్లో విడమరిచి చెప్పారు. చేతులెత్తి ఆమోదించే మేమే చదవని బిల్లును వీళ్లు చదవడమేమిటి? చివరికి అధ్యక్షుడు రూటో సంతకం పెట్టనన్నారు. ఆలోగా తుపాకులు పేలాయి, కొందరు పిల్లలు ఇళ్లకి తిరిగి రాలేదు. ఆ సంగతి మా ప్రసంగాల్లో ఉండదు, సమయం చాలదు.

అందుకే ఎక్కడ ఏ కుర్రాడు ప్లకార్డు ఎత్తినా మేం ముందు అడిగేది ఒకటే: "నీ వెనక ఎవరున్నారు?" ఎవరూ లేరంటే నమ్మం. వెనక ఎవరూ లేకుండా మాలో ఏ ఒక్కరైనా ఇంత దూరం వచ్చామా? 2018 ఆగస్టులో పదిహేనేళ్ల గ్రెటా థన్‌బర్గ్ బడి మానేసి, వాతావరణం కోసమంటూ స్వీడన్ పార్లమెంటు బయట ఒంటరిగా కూర్చున్నప్పుడూ ఇదే అనుమానం. ఫొటో తెప్పించి భూతద్దం పెట్టి చూశాం. వెనక గోడ ఉంది. గోడ అవతల ఎవరా అని ఆరా తీస్తే, మన సాటి ఎంపీలే.

అయితే మరీ కంగారు పడక్కర్లేదు. బంగ్లాదేశ్‌లో ఉద్యోగాల కోటా గొడవతో మొదలుపెట్టి, 2024 ఆగస్టు 5న షేక్ హసీనా దేశం విడిచి వెళ్లేదాకా తెచ్చిన విద్యార్థుల్లో కొందరు 2025 ఫిబ్రవరిలో సొంత పార్టీ పెట్టుకున్నారు. ఆ కబురు విన్నాకే మాకు కంటినిండా నిద్ర పట్టింది. ఇక ఆఫీసు, కోశాధికారి, అలకలు, టికెట్లు... మేం కళ్లు మూసుకుని నడిచే దారే. పార్టీ అన్నాక యువజన విభాగం కూడా తప్పదు. మా పాత జెండా కర్రలు ఇంకా మిగిలే ఉన్నాయి, కావాలంటే కబురు పెట్టమనండి.